చిన్నాయన ఇంట్లోని మూడో కాపీ

మా చిన్నాయన పోయాడని కర్నూలు నుంచి చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కోడుమూరులో మా ఇంట్లో కంప్యూటర్ ముందే కూర్చుని ఉన్నాను. పొద్దున కాఫీ తాగి, పేపరు చేతిలో పట్టుకునే కుర్చీలో ఒరిగిపోయాడట. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అంతా అయిపోయింది. చిన్నమ్మ ఏడవడం లేదు. "పాపా, మీ నాయనకు నువ్వే చెప్పు. నాకు నోరు రాలే" అని పెట్టేసింది. మా నాయన వెనక గదిలో మగ్గం మీద ఉన్నాడు. నేను పోయి చెప్పేదాకా మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ తరువాత చాలా రోజులు వినిపించలేదు.

మా నేతగాళ్ళ సంఘంవాళ్ళు ఆయన గురించి నాలుగు మాటలు రాయమని నన్నే అడిగారు. "నీకంటే దగ్గరివాళ్ళు ఎవరుండారమ్మా" అన్నారు. నిజమే. కాని పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మాటలకు బెల్లం పూయడం నాకు చేతకాదు. ఆయన నాకేమిచ్చాడో రాస్తాను. నా దగ్గర ఏం తీసుకున్నాడో కూడా రాస్తాను. రెండూ చదివే ఓపిక ఉన్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు ఇక్కడే ఆపేసినా నాకు బాధ లేదు.

చిన్నాయన అంటే మా నాయనకు సొంత తమ్ముడు. మా తాతకు ఉన్నది ఒక్క గుంట మగ్గం. దాని మీద మా నాయనను కూర్చోబెట్టి, తమ్ముణ్ణి చదువుకు పంపాడు. ఆయన చదివి, కర్నూలులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే పనిలో కుదిరాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా జేబులో పెన్ను పక్కన ఒక చిన్న స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఉండేది. పెళ్ళిళ్ళకు వచ్చినా అది ఉండేది. "పెండ్లికొడుకును ఏమన్నా బిగించాల్నా?" అని చిన్నమ్మ ఎగతాళి చేసేది.

ఆయన పని చేసేచోట పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి మా ఇంటికి తెచ్చిపెట్టాడు. అప్పటిదాకా నేను చీరల అంచులను గ్రాఫు కాగితం మీద పెన్సిల్‌తో గీసేదాన్ని. ఒక్క గడి తప్పితే కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్దడమే. మౌసు పట్టుకోవడం, గడి నింపడం, సగం పువ్వు గీసి మిగతా సగాన్ని తిప్పి అతికించడం అన్నీ ఆయనే నేర్పాడు. నా పక్కన స్టూలు వేసుకుని, నా చేతివైపు చూస్తూ కూర్చునేవాడు. "నీ చేతిలో గీత ఉండాది పాపా. మన ఇంట్లో ఎవురికీ రాలే. నాకూ రాలే" అని ఒకసారి అన్నాడు. నేను పొంగిపోయాను. ఆ మాటలో చివరి భాగం నాకు అప్పుడు వినబడనే లేదు.

తరువాత మా కంప్యూటర్‌కు వైరస్ తగిలింది. గీసిన డిజైను ప్రకారం చిల్లులు పడిన అట్టలు తయారైతేనే మగ్గం మీద అంచు నడుస్తుంది కదా, ఆ అట్టలు కొట్టించడానికి నేను పెన్‌డ్రైవ్ తీసుకుని పోయేదాన్ని. ఊరి డిజైన్లన్నీ అట్టలు కొట్టే ఆయన దగ్గర ఒకే మిషన్‌లోకి వచ్చి పోతాయి. ఎవరి పెన్‌డ్రైవ్ నుంచి ఎవరికి అంటిందో దేవుడికే తెలియాలి. ఒకరోజు పొద్దున తెరిచి చూస్తే నా ఫైళ్ళన్నిటి పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు వేలాడుతున్నాయి. ఒక్కటీ తెరుచుకోదు. అడిగినంత కడితే తాళం తీస్తామని తెర మీద ఇంగ్లీషులో ఒక బెదిరింపు. నేను ఏళ్ళ తరబడి గీసుకున్న మామిడిపిందెలు, కోటకొమ్మలు, హంసలు అన్నీ అందులోనే ఉన్నాయి. నేను నేలమీద కూలబడి ఏడ్చాను.

చిన్నాయన మధ్యాహ్నం బస్సుకు దిగాడు. కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, కంప్యూటర్ ముందు నిలబడి "ఏమప్పా, ఏమి తిని వస్తివి?" అని దాన్నే అడిగాడు. ఆయనకు మనుషులతో కంటే యంత్రాలతో మాట్లాడటం హాయి. ముందు ఇంటర్నెట్ వైరు పీకేశాడు. నేను దుడ్లు కడదామా అంటే కసిరాడు. "దొంగోనికి దుడ్లిచ్చి తాళం తీయమంటావా? వాడు మల్ల రాకుండా పోతాడా?" అని మొత్తం తుడిచేసి, అంతా మొదటి నుంచి ఎక్కించాడు. మెషిన్ బతికింది. డిజైన్లు పోయాయి.

అప్పుడు ఆయనే అటక మీదికి చూశాడు. పాత అట్టలన్నీ అక్కడ తాళ్ళకు కట్టి వేలాడదీసి ఉన్నాయి. "పోలేదు పాపా. నీ డిజైన్లన్నీ ఈడనే ఉండాయి, చిల్లులుగా" అన్నాడు. ఆ ఎండాకాలమంతా సెలవులు పెట్టి మరీ వచ్చాడు. ఒక్కొక్క అట్టను వెలుతురుకు పట్టుకుని ఆయన చదివేవాడు: "చిల్లు, చిల్లు, లేదు, చిల్లు, లేదు, లేదు." నేను తెర మీద గడులు నింపేదాన్ని. ఆయన గొంతు బొంగురుపోయేది. మా నాయన మజ్జిగ తెచ్చిచ్చేవాడు. ఒక్కొక్క హంస ముక్కు నుంచి తోకదాకా మళ్ళీ తెర మీదికి వచ్చేది. మా ఇంట్లో నేను చూసిన మంచిరోజులు అవే అనిపిస్తుంది నాకు. ఇప్పుడు ఆయన మీద ఎంత కోపంగా ఉన్నా ఆ రోజులను వెనక్కి తీసుకోలేను.

ఆ తరువాతే ఆయన అమావాస్య పద్ధతి పెట్టాడు. మా ఇళ్ళల్లో అమావాస్యనాడు మగ్గం ఎక్కం. మగ్గాన్ని తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, దానికి ఆ రోజు విశ్రాంతి ఇస్తాం. "మగ్గానికి ఉండేటప్పుడు దీనికెందుకు ఉండకూడదు?" అన్నాడు చిన్నాయన. ప్రతి అమావాస్యకూ కర్నూలు నుంచి వచ్చేవాడు. ముందు జేబులోని స్క్రూడ్రైవర్ తీసి డబ్బా విప్పి, ఫ్యానుకు చుట్టుకున్న నూలు పీచు కుంచెతో దులిపేవాడు. నేత ఇంట్లో కంప్యూటర్ కూడా దూది తింటుంది. తరువాత అప్‌డేట్లు. "రేపు చేద్దామని నొక్కే బొత్తాం ఉండాది చూడు, వైరస్ కంటే అదే ప్రమాదం" అనేవాడు. తరువాత వైరస్ స్కాన్. అట్టలు కొట్టే చోటికి వేరే పెన్‌డ్రైవ్ పెట్టించాడు. అది బయట తిరిగిన చెప్పుల లెక్క, పరీక్ష చేయకుండా లోపలికి రానివ్వకూడదు.

అన్నిటికంటే చివర కాపీ తీయడం. ఆయన లెక్కలో మూడు కాపీలు ఉండాలి. ఒకటి కంప్యూటర్‌లో. రెండోది ఇంట్లోనే బీరువాలో, వైరు పీకేసిన డిస్క్‌లో. వైరు తగిలించే ఉంచితే వైరస్ దాన్ని కూడా తింటుందనేవాడు. మూడోది ఇంటి బయట. "ఇల్లు కాలినా, దొంగోడు పడినా, వాన కారినా, నీ పని మిగలాలంటే ఒగటి బయట ఉండాల. నమ్మకమైనోళ్ళ ఇంట్లో" అన్నాడు. నమ్మకమైనవాళ్ళు ఎవరని వెతికే అవసరం మాకు రాలేదు. మూడో డిస్క్‌ను తువ్వాలులో చుట్టి ఆయన సంచిలో నేనే పెట్టేదాన్ని. ఇంటికి పోయాక దాన్ని తెరిచి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ఫోన్ చేసేవాడు. తెరిచి చూడని కాపీ కాపీ కాదు అనేది ఆయన మాట.

ఇంతవరకూ రాసిందంతా ఆయన ఇచ్చింది. ఇప్పుడు రెండోది.

కడపలో ఒక పెళ్ళికి పోయినప్పుడు పెళ్ళికూతురి మేనత్త కట్టుకున్న చీర అంచు చూసి నాకు నవ్వొచ్చింది. నా మామిడిపిందె. "యాడ తీసుకున్న్యారు?" అంటే కర్నూలులో ఒక అంగడి పేరు చెప్పింది. చేత్తో అంచు పట్టుకుంటే తెలిసిపోయింది, పవర్‌లూమ్. మా నాయన వారాల తరబడి నేసేదాన్ని అక్కడ రోజుకు ఎన్నో నేసి పడేస్తారు. తరువాత నా కోటకొమ్మ వచ్చింది. తరువాత హంసల అంచు. మా చీరలు తీసుకునే ఆయన మొహం చాటేశాడు. "అదే అంచు బజారులో సగానికే దొరుకుతాంటే మీది ఎవురు కొంటారమ్మా?" అన్నాడు. మా నాయన మగ్గం మీది చీర దించకుండా ఊరికే కూర్చున్న రోజులున్నాయి.

నేను పోయి ఎవరికి చెప్పుకుంటాను? చిన్నాయనకే చెప్పుకున్నాను. ఆయన వచ్చి కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చున్నాడు. "లోపల ఇంకా ఏదో మిగిలి ఉండాది పాపా. మనకు తెలియకుండా బయటికి పంపుతాండాది" అన్నాడు. మళ్ళీ అంతా తుడిచాడు. పాస్‌వర్డులన్నీ మార్పించాడు. ఇంటర్నెట్ తీసేయించాడు. అయినా చీరలు వస్తూనే ఉన్నాయి. అట్టలు కొట్టే ఆయనే అమ్ముకుంటున్నాడేమోనని మా నాయన అంటే చిన్నాయన అవుననలేదు, కాదనలేదు. మేం ఆయన దగ్గరికి పోవడం మానేసి ఎమ్మిగనూరుకు పోవడం మొదలుపెట్టాం. ఎదురుపడితే ఆ పెద్దమనిషి తల దించుకుని పోయేవాడు. ఏ పాపమూ ఎరగనివాడు తల దించుకున్నాడు. దించుకోవలసినాయన మా ఇంట్లో కూర్చుని అన్నం తినేవాడు.

నేను ఆ మెషిన్‌ను జబ్బుపడిన బిడ్డను చూసినట్టు చూశాను. ఏం తెరిచినా భయం, ఏం మూసినా భయం. నా ఇంట్లోనే దొంగ ఉన్నాడని, వాడు కంటికి కనబడడని నమ్మాను. నన్ను అలా నమ్మనిచ్చాడు చూడండి, నాకు మిగతావన్నిటికంటే అదే ఎక్కువ మంట.

చివరికి నెమళ్ళ అంచు గీశాను. ఎదురెదురుగా రెండు నెమళ్ళు, మధ్యలో కలశం. అమావాస్య దగ్గరపడిందని తొందరలో గీశాను. ఆ అమావాస్యకే చిన్నాయన కాపీ తీసుకుని పోయాడు. తరువాత మా నాయన తెర మీదికి వంగి చూసి "ఏమ్మే, ఈ పక్షికి ఇంకో కాలు యాడ?" అన్నాడు. నిజంగానే కుడివైపు నెమలికి ఒకటే కాలు. ఒకటి తిప్పి అతికించాక ఎక్కడో చెరిపేసినట్టున్నాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. కాలు పెట్టాను, ఆ తరువాతే అట్టలు కొట్టించాం. ఇంట్లో డిస్క్‌లో కూడా సరిచేసినదే పెట్టుకున్నాను. ఒంటికాలి నెమలి మిగిలింది ఒక్క చోటే, చిన్నాయన ఇంట్లోని కాపీలో. దాన్ని వచ్చే అమావాస్యకు మారుద్దామనుకున్నాను. ఆయన ఆ అమావాస్యకు ఒంట్లో నలతగా ఉందని రాలేదు. దాని తరువాతి అమావాస్య ఆయన చూడలేదు.

కర్నూలులో ఆయన్ను హాల్లో పడుకోబెట్టారు. నేను తలవైపు కూర్చుని ఏడుస్తున్నాను. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే కొత్తబట్ట తెచ్చి కప్పి దండం పెట్టుకుంటున్నారు. అప్పుడు తెల్లచొక్కా వేసుకున్న ఒక భారీ మనిషి వచ్చాడు. చీరల అంగడి యజమాని అని పక్కవాళ్ళు దారి ఇచ్చారు. జరీ అంచు పంచె ఒకటి విప్పి చిన్నాయన గుండెల మీద కప్పి, మా నాయన చెయ్యి పట్టుకున్నాడు. "అంత పెద్ద డిజైన్ మాస్టరు మల్ల పుట్టడప్పా. ఈ అంచు మాస్టరు గీసిందే. ఆయనకే ఇయ్యాలని నేయించి పెట్టింటి, ఇట్ల కప్పాల్సొచ్చె" అన్నాడు.

నేను చూశాను. ఎదురెదురుగా రెండు నెమళ్ళు. కుడివైపు దానికి ఒకటే కాలు.

నా ఏడుపు ఆగిపోయింది. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు, నేను ఆ అంచు వెంబడి ఒక్కొక్క నెమలినీ చూసుకుంటూ పోతున్నాను. ప్రతి జతలోనూ అదే. మా నాయన కూడా చూశాడు. చూశాడని నాకు తెలుసు, ఎందుకంటే ఆయన నా వైపు ఒక్కసారి చూసి వెంటనే తల తిప్పేసుకున్నాడు. ఆ పంచెతోనే చిన్నాయనను తీసుకుపోయారు. నా గీత ఆయనతోపాటే మట్టిలోకి పోయింది.

పెద్దదినం కర్మ అయ్యాక, వంటపాత్రలు కడిగేచోట చిన్నమ్మను అడిగాను. ఆమె దాచలేదు. "ఒగరోజు నీ కాపీ తెరిచి సరిచూస్తాండె. అంగడాయన ఏదో కంప్యూటర్ పని ఉండాదని ఇంటికొచ్చినాడు. తెర మీద నీ మామిడిపిందె చూసి, ఎవురు గీసిరి మాస్టరూ అన్నాడు. ఈయన 'నేనే' అన్నాడు. ఒక్క మాట పాపా. ఆ మాట అన్నంక ఎనక్కి రాలేకపాయ, ఆయన అడిగినవన్నీ ఇస్తా పాయ."

"ఎంత తీసుకున్న్యాడు?"

"దుడ్లా? ఒగ రూపాయి తెలీదు. అంగట్లో డిజైన్ మాస్టరు వచ్చినాడని కుర్చీ ఏసి కూర్చోబెడ్తాండ్రి. దానికే పోతాండె. వచ్చినంక అన్నం తినేవాడు కాదు. నేను చెప్పినా, పాపకు చెప్పుదాం పాండి అని. చెప్తా చెప్తా అంటానే పాయ."

దుడ్ల కోసమైతే నాకు తేలికగా ఉండేది. దుడ్ల దొంగను తిట్టుకుని మర్చిపోవచ్చు. ఆయన తీసుకున్నది నా పేరు. కాళ్ళు కడుక్కుని మా ఇంట్లోకి వచ్చి, నా పక్కన కూర్చుని, నా చేతికి గీత ఉందని మెచ్చుకుని, ఆ చేతిని తనదిగా చెప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక మా నాయనతో ఈ సంగతి అందరికీ చెబుతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "మట్టి ఇంకా ఆరలే పాపా. సచ్చినోని మీద ఏమని చెప్తావు? వాని పేరు వానికి ఉండనీ. మనకు మగ్గం ఉండాది" అన్నాడు. నాకు మగ్గం లేదు, మగ్గం ఆయనది. నాకున్నది గీతే. ఆ మాట పైకి అనలేదు, అనలేకపోయినందుకు రగిలిపోయాను. ఇంతకుముందు నా పేరు దాచింది ఒకరు, ఇప్పుడు ఇద్దరు. మా ఇంట్లో అన్నదమ్ములు ఒకటే అనిపించింది. అట్టలు కొట్టే ఆయన ఇంటికి మాత్రం మా నాయనకు చెప్పకుండా పోయి, తప్పు మీది కాదని చెప్పి వచ్చాను. ఆయన "తెలుసమ్మా, కూర్చో" అన్నాడు.

అమావాస్య వచ్చింది. నేనొక్కదాన్నే డబ్బా విప్పాను. ఫ్యాను నిండా పీచు. దులిపి, ఫోన్‌లోని నెట్ కలిపి అప్‌డేట్లు పెట్టి, స్కాన్ చేశాను. మెషిన్ శుభ్రంగా ఉంది. అది ఎప్పటి నుంచో శుభ్రంగానే ఉంది. చిన్నమ్మ ఇచ్చిన డిస్క్ తగిలించి తెరిచాను. ఒక్క ఫైలు కూడా చెడలేదు. నేను ఎక్కడో పోగొట్టుకున్నాననుకున్న మొదటి రోజుల వంకర పువ్వులు కూడా వరుసగా సర్ది ఉన్నాయి. ఇంత భద్రంగా నా పనిని ఇంకెవరూ దాచి ఉండరు. చూస్తుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తిట్టాను.

మా నాయన మగ్గానికి పసుపు పెట్టి వచ్చి గడపలో నిలబడ్డాడు. అప్పుడే ఫోన్ మోగింది. కొత్త నంబరు. నేను స్పీకర్ పెట్టాను. అంగడి యజమాని.

"మాస్టరు అన్నగారి కూతురేనా? ఏమీ లేదమ్మా. ఆ నెమళ్ళ అంచులో ఒగదానికి కాలు లేదంట. కొనేటోళ్ళు నవ్వుతాండారు. మాస్టరు ఉండింటే నిమిషంలో సరిచేసి ఇచ్చునుండె. ఆయన దగ్గర నువ్వూ కొంచెం నేర్చుకున్న్యావంట గదా, ఆ కాలొకటి పెట్టియ్యి."

మా నాయన వచ్చి నా చేతిలో నుంచి ఫోన్ తీసుకున్నాడు. నోటికి మరీ దగ్గరగా పట్టుకుని, ఒక్కొక్క మాటా నిలిపి చెప్పాడు.

"ఇదో చూడప్పా. ఆ అంచు గీసింది మా పాప. నువ్వు నేయించిన అంచులన్నీ మా పాపవే. మా తమ్మునికి గీత రాదు. చిన్నప్పటి నుంచీ రాదు."

అవతల నుంచి ఏదో అంటున్నారు. మా నాయన వినలేదు. ఫోన్ ఎలా ఆపాలో తెలియక నా చేతికిచ్చేశాడు. నేను ఆపాను.

"సంఘమోళ్ళకు ఏమో రాసియ్యాలంటివే, రాయి" అన్నాడు. "అంతా రాయి."

తరువాత వెనక గదిలోకి పోయాడు. కొంతసేపటికి నేను పోయి చూశాను. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అమావాస్యనాడు మా నాయన మగ్గం ఎక్కింది లేదు. ఆ పట్టపగలు, కిటికీలో నుంచి ఎండ పడుతుంటే, గుంటలో కాళ్ళు వేలాడేసుకుని పలక మీద కూర్చుని ఉన్నాడు. పోగు నడిపే నాడెను ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. పలక మీద ఎడమవైపుకు బాగా జరిగి, పక్కన ఇంకొకరు పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు.